హెడ్డు విప్పని మేస్త్రీ

మా తోడల్లుడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే ముందు నాకో గ్లాసు మంచినీళ్ళు ఇవ్వాలి. వెతుక్కోవడానికి టైము పడుతుంది కదా! చెడ్డగా చెప్పమంటారా, నీళ్ళూ వద్దు, కుర్చీ వద్దు, నిలబడే చెబుతాను.

ఆయన మా ఆవిడ అక్క మొగుడు. బండ్ల మెకానిక్కు. నాది లేత్ పని, అంటే ఇనుము చెక్కి జనానికి కావలసిన ముక్కలు చేసిపెడతాను. ఆయన షెడ్డుకీ నా షెడ్డుకీ మధ్య ఒకటే రేకు గోడ. ఇల్లు కూడా ఒకటే. పైన వాళ్ళు, కింద మేము, డాబా ఇద్దరిదీ. కూతుళ్ళిద్దరూ కళ్ళెదురుగా ఉండాలని మా మామగారు ముచ్చటపడి చేసిన ఏర్పాటు ఇది. ఆయన ముచ్చట తీరింది. నాకు మాత్రం ప్రాణం తోకకొచ్చింది.

మనిషిని మీరు చూడాలి. ఇంజను కింద దూరి లేచినా చొక్కా మడత నలగదు. జేబులో చిన్న దువ్వెన, అది తలకు కాదు, మీసానికి. నన్ను "తమ్ముడూ" అని పిలుస్తాడు. అందులో ఆప్యాయత ఏమీ లేదు, పెద్దల్లుడు తానేనని పూటకోసారి నాకు గుర్తుచెయ్యడం అంతే. ఆయనకో తెల్లకారు ఉంది. కొన్ననాడు సీట్లకు కంపెనీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ తియ్యలేదు. ఎక్కాలంటే చెప్పులు డిక్కీలో పెట్టాలి. వదిన అందులో ఎక్కినప్పుడల్లా "కదలకు, కవరు చిరుగుతుంది" అని వింటూ బొమ్మలా కూర్చోవాలి. ఒకసారి మామగారు ఆ కారు తలుపు మీద చెయ్యి ఆనించి ఏదో చెబుతుంటే, ఈయన ఊఁ కొడుతూనే గుడ్డ తీసి ఆ చెయ్యి చుట్టూ తుడిచాడు. ఆ ముసలాయన చెయ్యి తీసేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక ఆయన కీర్తి. "హెడ్డు విప్పని మేస్త్రీ" అంటే మా పేటలో తెలియనివాళ్ళు లేరు. అదేమిటో చెప్పాలి. పాతకాలం బండి ఇంజను పొట్టలో క్యామ్ షాఫ్ట్ అని ఒక కడ్డీ పడుకుని ఉంటుంది, దాని మీద గుడ్డు ఆకారంలో మిట్టలు. ఆ మిట్టల మీద ట్యాపెట్లు నిలబడి ఉంటాయి, అవి వేలెడంత ఉక్కు గ్లాసుల్లాంటివి. క్యామ్ అరిగిపోతే ముందు నుంచి లాగేసి కొత్తది దూర్చాలి. కానీ అది లాగేస్తే ట్యాపెట్లకు కింద ఆధారం ఉండదు. టపటపా రాలి అడుగునున్న ఆయిల్ ఛాంబర్లో పడతాయి. అందుకని బుద్ధున్నవాడు ఇంజను దించి తలకిందులు చేసి పని చేస్తాడు, లేదా ఇంజనుకు పైన మూతలా బిగించి ఉండే హెడ్డు విప్పుతాడు. రెండిట్లో ఏది చేసినా కనీసం రెండు రోజులు. మావాడు మాత్రం హెడ్డు ముట్టుకోకుండా సాయంత్రానికల్లా బండి కదిలిస్తాడు. ట్యాపెట్లు పడకుండా ఎలా పట్టుకుంటావయ్యా అని ఎవరైనా అడిగితే, అరచెయ్యి చూపించి "ఇదిగో, దీని మహిమ" అంటాడు.

ఆ మహిమ ఎవరి కంటా పడకూడదు. అందుకని బండి చుట్టూ తాడు కట్టి దుప్పటి దించేస్తాడు, పురిటిగదికి కట్టినట్టు. లోపల రేడియో మోగుతుంటుంది. అంతా అయ్యాక దుప్పటి లాగి, మీసం దువ్వుకుని, ఇంజను స్టార్ట్ చేసి, చప్పట్ల కోసం చూస్తాడు. కొడతారు కూడా! జనానికేం పని లేదు మరి.

ఈ ట్యాపెట్లను పట్టుకోవడానికే నేనొక సాధనం తయారుచేశాను. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను, బాగా కుదిరింది. ఒక ఇనప పట్టీ, దానికి వరసగా సన్నటి కడ్డీలు, ప్రతి కడ్డీ కొసనా అయస్కాంతం. పట్టీని హెడ్డు మీద బిగించి, కడ్డీలను హెడ్డుకుండే కన్నాల్లోంచి దించితే ఒక్కో అయస్కాంతం ఒక్కో ట్యాపెట్‌ను కరుచుకుంటుంది. పైకి లాగి నట్టు బిగిస్తే క్యామ్ లాగినా, వందసార్లు దూర్చినా అవి కదలవు. చుట్టుపక్కల మెకానిక్కులందరూ చేయించుకున్నారు. మా తోడల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "ఇనప దువ్వెన బాగానే ఉంది తమ్ముడూ, చేతకానివాళ్ళకి పనికొస్తుంది" అన్నాడు. అప్పటి నుంచి దాని పేరే ఇనప దువ్వెన అయిపోయింది. నా చేత చేయించుకున్నవాళ్ళు కూడా అలాగే అంటారు. ఒళ్ళు మండిపోతుంది.

ఇక్కడ రెండేళ్ళ కిందటి బట్టల క్లిప్పుల గొడవ ఒకటి చెప్పాలి. నవ్వకండి, దాంతో మా ఇల్లు రెండు ముక్కలైంది.

మా వదినకు ప్రతిదీ లెక్కే. డాబా మీద బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పులు రంగుకు రెండేసి చొప్పున కొని, సంచిలో వేసి మేకుకు తగిలిస్తుంది. ముందు పచ్చది ఒకటి పోయింది, ఊరుకుంది. కొన్నాళ్ళకు నీలంది పోయింది, ఊరుకోలేదు. పైగా మిగిలిన క్లిప్పులకు నల్లటి ఆయిల్ మరకలు. డాబా మీదికి వచ్చేది రెండు కుటుంబాలే, అందులో చేతికి ఆయిలంటిన మొగుడు మా ఆవిడకీ ఉన్నాడు. "నీ బట్టలారేసుకోవడానికి నా క్లిప్పులే దొరికాయా? అడిగితే ఇవ్వనా?" అని వదిన అంది. "నాకేం ఖర్మ అక్కా, నీ క్లిప్పు తీసి ఏం చేసుకుంటాను?" అని మా ఆవిడ ఏడ్చింది. మాటకు మాట పెరిగి చిన్నప్పటి గౌనుల దగ్గరికి వెళ్ళింది. మర్నాటికి డాబా మీద తీగలు రెండయ్యాయి. అక్కాచెల్లెళ్ళు ఎదురుపడితే అవసరమైనంత వరకే మాట్లాడుకునేవాళ్ళు. మా ఆవిడ రాత్రుళ్ళు కూడా "నేను దొంగనట" అని తలుచుకునేది. ఒక క్లిప్పు కోసం! మా తోడల్లుడు మధ్యలో పెద్దమనిషిలా వచ్చి, "పోనీలే, మరదలు తెలియక తీసుంటుంది" అని సర్దిచెప్పాడు కూడా. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

సరే, అసలు సంగతి. మా మామగారికి పాత వ్యాను ఒకటుంది. ఆదివారం తప్ప రోజూ తెల్లవారగానే లాండ్రీ నుంచి ఉతికిన దుప్పట్లు ఆసుపత్రికి చేరవేసి, మాసినవి వెనక్కి తెస్తాడు. ఇద్దరల్లుళ్ళు ఉన్నా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఆయన బతుకుతున్నది ఆ వ్యాను మీదే. ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు, ఒక్కపూట దుప్పట్లు అందకపోయినా మర్నాటి నుంచి వేరే బండి పెట్టుకుంటామని. అలాంటిది శనివారం సాయంత్రం వ్యాను టకటకలాడుతూ, దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. మా తోడల్లుడు చెవి పెట్టి విని, "క్యామ్ అరిగింది" అన్నాడు.

"మొన్నేగా బాబూ, మీరే కొత్తది వేశారు?" అన్నాడు మామగారు.

"మొన్నేమిటి మామగారూ, రెండేళ్ళైంది. అయినా కొత్తది వేస్తే సరా? మంచి ఆయిల్ పొయ్యాలి. మీరు పోసేది ఆయిలా, అంట్లు కడిగిన నీళ్ళా? ఆయిల్ సరిగ్గా ఉంటే క్యామ్ ఇలా అరుగుతుందా?"

"నేను మంచి ఆయిలే పోస్తున్నాను బాబూ," అన్నాడాయన మెల్లగా.

"పోస్తే ఇలా ఎందుకైంది మరి?" అని ఈయన నా వైపు తిరిగి కన్ను గీటాడు, నేనేదో తన జట్టు అన్నట్టు. వీధిలో పదిమంది వింటున్నారు. మామగారు ఆ పదిమందినీ చూసి, తలవంచుకుని, "సోమవారం పొద్దున్నకి బండి కదలాలి బాబూ, అదొక్కటి చూడండి" అన్నాడు.

ఆదివారం పొద్దున తాడు కట్టారు, దుప్పటి దిగింది. నేను మనసు చంపుకుని ఇనప దువ్వెన పట్టుకెళ్ళాను. మామగారి బండి కదా, నా పట్టింపు తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

దుప్పటి బయట నిలబడి, "అన్నయ్యా, ఇది పెట్టుకో. పని తొందరగా అవుతుంది," అన్నాను.

దుప్పట్లోంచి తల ఒక్కటే బయటికొచ్చింది. "దీంతో చేస్తే రేపు అత్తారింట్లో ఎవరి పేరు చెప్పుకుంటారు తమ్ముడూ? నీ పేరా, నా పేరా?" అని నవ్వి, తల లోపలికి తీసుకున్నాడు. చూశారా! ముసలాయన బతుకు అక్కడ వేలాడుతుంటే ఈయనగారికి పేరు కావాలి. నేను తిట్టుకుంటూ నా షెడ్డులోకొచ్చి లేత్ ముందు కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక రేకు గోడ అవతల "టప్" అని ఏదో విరిగింది. ఆ వెంటనే "అమ్మో!" అని ఒక కేక, కాళ్ళు గబగబా కదిలిన చప్పుడు. తర్వాత ఆయన గట్టిగా రెండుసార్లు దగ్గాడు. రేడియో సౌండు పెరిగింది.

"ఏమైంది అన్నయ్యా?" అని అరిచాను.

"ఏం లేదు. స్పానర్ జారింది," అన్నాడు.

స్పానర్ జారితే ఎలా మోగుతుందో పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. కానీ ఏమనగలను? పెద్దల్లుడు.

సాయంత్రం దుప్పటి లేచింది. మీసం దువ్వుకున్నాడు. ఇంజను స్టార్ట్ చేశాడు, చక్కగానే తిరిగింది. అలవాటైన జనం చప్పట్లు కొట్టారు. మామగారి ముఖం వెలిగిపోయింది. "బతికించారు బాబూ," అని వ్యానెక్కి కూర్చున్నాడు. ఈయన చేతులు కట్టుకుని నిలబడి, "మీరు మాత్రం ఆయిల్ మార్చండి మామగారూ" అని మరోసారి పొడిచాడు.

సరిగ్గా అప్పుడు డాబా మీద నుంచి వదిన గొంతు వినిపించింది. ఆరిన బట్టలు తీసి క్లిప్పులు లెక్కపెట్టుకుంటోంది.

"ఎర్ర క్లిప్పు ఏదీ? ఒకటే ఉందేం? మళ్ళీ మొదలెట్టావుటే!"

కింద గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ తలెత్తి డాబా వైపు చూసింది. "నేను తియ్యలేదక్కా, ఒట్టు," అంది.

"అప్పుడూ ఒట్టేశావు!" అంటూ వదిన సంచి పట్టుకుని గబగబా కిందికి దిగి వచ్చింది. "నాన్నా, నువ్వే చూడు, నీ చిన్న కూతురి నిర్వాకం. ఈ ఆయిల్ మరకలు ఎక్కడివి? చేతులకు ఆయిల్ పూసుకుని ఆరేస్తుందా బట్టలు?"

మామగారు స్టీరింగు పట్టుకుని ఇద్దరు కూతుళ్ళ వైపూ మార్చి మార్చి చూశాడు. నేను మా తోడల్లుడి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు. అక్కడేం లేదు, నేనూ చూశాను.

మా ఆవిడకు ఏడుపొస్తే చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి సర్దుతుంది. వ్యాను పక్కన కుప్పగా పడున్న దుప్పటి తీసి దులిపి మడతపెట్టబోయింది. దాంట్లోంచి ఏదో టిక్కున నేల మీద పడింది. స్ప్రింగుతో సహా ఎర్ర క్లిప్పు, సగం. విరిగిన చోట ఇంకా తెల్లగా మెరుస్తోంది.

ఆమె దాన్ని తీసి అక్క చేతిలో పెట్టింది. వదిన ఆ సగాన్నీ, దుప్పటినీ, మొగుణ్ణీ చూసింది.

"ఏమండీ, ఇది దీంట్లోకి ఎలా వచ్చింది?"

"ఎగిరొచ్చి పడిందేమో. గాలి," అన్నాడు.

ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. నాకప్పుడు అర్థమైంది. ఇంతకాలం అరచేతి మహిమ అంటే ఇదన్నమాట! కన్నాల్లోంచి చెక్క పుల్లలు దింపి ట్యాపెట్లలో బిగించడం, పైకి లాగి, పుల్లలు జారకుండా హెడ్డు మీద పెళ్ళాం క్లిప్పులు పెట్టడం. ఎండలో ఏళ్ళ తరబడి ఎండిన ప్లాస్టిక్ ఎప్పుడు పుటుక్కుమంటుందో ఎవరికి తెలుసు? టప్‌మని విరిగిందీ అదే, అమ్మో అని ఈయన జారిపోతున్న పుల్లను పట్టుకున్నదీ అప్పుడే.

"అన్నయ్యా, రెండో సగం ఏది?" అన్నాను.

"ఏముంది తమ్ముడూ, చిటికెన వేలంత ముక్క! ఆయిల్ దిగే కన్నంలోంచి ఛాంబర్లోకి పోయినంత మాత్రాన ఇంజనుకేమీ కాదు. అలా ఈతకొడుతూ ఉంటుంది."

అనేశాక గాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. మామగారు ఇంజను ఆపి తాళం బయటికి తీశాడు.

"అలా ఈతకొడుతూ పోయి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే?" అన్నాను. "రోడ్డు మధ్యలో ఇంజను పట్టేస్తే?"

"పడదులే!"

"పడదా? అయితే రేపు పొద్దున మీరే తోలండి. నాన్న పక్కన కూర్చుంటాడు," అంది వదిన.

మీసం కిందికి దిగింది. ఎంతసేపు చూసినా ఆ నోట్లోంచి "తోలతాను" అన్న మాట రాలేదు. మామగారు వ్యాను దిగి, "ఛాంబర్ విప్పాలంటే ఎంతసేపు బాబూ?" అని అడిగాడు, ఆయన్ని కాదు, నన్ను. ఆ బండికి ఛాంబర్ కింద అడ్డంగా దూలం ఉంటుంది, ఇంజను గొలుసుతో పైకెత్తితే తప్ప ఊడి రాదు. "రేపు మధ్యాహ్నం దాకా పడుతుంది," అన్నాను. ఆయన అక్కడే బల్ల మీద కూలబడిపోయాడు. తెల్లవారితే దుప్పట్లు, తెల్లవారితే బతుకు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

వదిన పైకెళ్ళింది. దిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో తెల్లకారు తాళాలున్నాయి.

"ఏయ్, అది..." అన్నాడు ఈయన.

"దుప్పట్లు ఇందులో వెళతాయి. మీరే తోలుతున్నారు," అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

సోమవారం పొద్దున ఆ దృశ్యం చూడ్డానికి వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడింది. తెల్లకారులో కప్పుదాకా దుప్పట్ల మూటలు. ముందు సీట్లో చెప్పులతో సహా మామగారు, ఒళ్ళో ఇంకో మూట. స్టీరింగు దగ్గర హెడ్డు విప్పని మేస్త్రీ, మీసం దువ్వకుండా. వ్యాను ఒక్కసారికి మోసేది కారు ఒక్కసారికి మొయ్యదు కదా, పాపం, తిరిగి తిరిగి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఉతికినవి. వచ్చేటప్పుడు మాసినవి. ఆసుపత్రి దుప్పట్లు ఎలా మాసుతాయో నేను చెప్పక్కర్లేదు. వాళ్ళకు మాత్రం వేళకు అందాయి. మామగారి పని నిలిచింది.

ఈలోగా నేను ఇంజను పైకెత్తి ఛాంబర్ దించాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో పక్కన నిలబడి చూస్తున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. నల్లటి ఆయిల్లో చెయ్యి పెట్టి తడిమాను. ఎర్ర ముక్క దొరికింది. హమ్మయ్య అనుకుని జాలీ శుభ్రం చేద్దామని గుడ్డతో తుడిచాను. జాలీకి ఇంకో ముక్క అతుక్కుని ఉంది. నల్లగా, వంకరపోయి, సగం జాలీని మూసేసి. గోటితో గీకితే లోపల నీలం.

దాన్ని ఊడదీశాను. వదిన చేతిలో పెట్టాను. ఆమె కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. రెండేళ్ళ నాటి నీలం క్లిప్పు. ఇదే వ్యానుకు, ఇదే మేస్త్రీ, క్యామ్ మార్చిన నాటిది. పైకి ఆయిల్ అందక కొత్త క్యామ్ అరిగిపోవడానికి కారణం ఇదే. మామగారు రోడ్డు మీద తలవంచుకుని నిలబడ్డానికీ ఇదే. మరదలు తెలియక తీసుంటుందిలే అన్న మనిషికి ఆనాడే తెలుసు!

"చెల్లీ," అంది వదిన. మా ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "చెల్లీ, నేను నిన్ను దొంగనన్నానే!" అంటూ వదిన ఆయిల్ చేతులతోనే ఆమెను పట్టుకుంది. రెండేళ్ళుగా ఆపుకున్నదంతా మా ఆవిడ అక్క భుజం మీద ఏడ్చేసింది. నేను ఛాంబర్ తుడవడంలో మునిగిపోయాను.

ఆఖరి ట్రిప్పు ముగించుకుని కారు వచ్చి ఆగింది. సీటు కవరు చిరిగి ఒక పక్క వేలాడుతోంది. మా తోడల్లుడు దిగి, "కారంతా ఆసుపత్రి కంపు" అని మొదలుపెట్టి, బల్ల మీద పళ్ళెం చూసి ఆగిపోయాడు. పళ్ళెంలో ఎర్ర సగం, నీలం సగం పక్కపక్కనే ఉన్నాయి.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని నీలం ముక్కను చాలాసేపు చూశాడు. జాలీని చూశాడు. అన్నీ ఆయనకే అర్థమయ్యాయి, నేను ఒక్క మాట చెప్పలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "నేను మంచి ఆయిలే పోశాను బాబూ" అన్నాడు. అంతే అన్నాడు.

అప్పుడు వదిన కళ్ళు తుడుచుకుని మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎర్రది దొరికింది, నీలంది దొరికింది. మరి పచ్చది ఎవరి బండిలో ఉంది?"

హెడ్డు విప్పకుండా ఆయన చేసిన బండ్లు మా పేటలో ఎన్నో తిరుగుతున్నాయి. ఆయన రోడ్డు వైపు చూశాడు.